మోసి కన్న తండ్రి

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. పత్రిక డెస్కులో పనిచేస్తోంది. ఇంగ్లిషులో వచ్చిన ఏజెన్సీ వార్తను తెలుగు చేస్తోంది. పేజీ వదలడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. "సార్, ‘ప్రసవించాడు’ అనొచ్చా?" అని అడిగింది. నాకు జవాబు తట్టలేదు. "‘జన్మనిచ్చారు’ అని గౌరవవాచకం వేసెయ్యమ్మా" అన్నాను. సరేనంది. పేజీ వెళ్ళిపోయింది.

ఆ సలహాలో తప్పేమీ లేదు. కానీ ఆ పిల్ల అడిగింది క్రియాపదం చివరి అక్షరం గురించి. నేను ఆ అక్షరాన్ని తప్పించుకునే దారి చెప్పాను. అప్పటినుంచీ ఆ ‘డు’ నన్ను వదల్లేదు.

వార్త మీకు గుర్తుండే ఉంటుంది. కేరళలోని కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆ నెల 8న ఒక ట్రాన్స్ పురుషుడికి సిజేరియన్ చేసి బిడ్డను తీశారు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించిన మనిషి, మగవాడిగా బతుకుతున్నాడు. ఆయన తోడు ట్రాన్స్ మహిళ. ఆమెను పుట్టినప్పుడు మగపిల్లవాడని రాయించారు. ఆయన రొమ్ములు తీయించుకున్నాడు గానీ గర్భసంచి అలాగే ఉంది. ఇద్దరూ బిడ్డ కావాలనుకున్నారు, చికిత్సను మధ్యలో ఆపుకున్నారు. నెలలు నిండుతున్నప్పటి ఫోటోలు వాళ్ళే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అక్కణ్ణించి కథ దేశమంతా పాకింది.

వైద్యులకు ఇది అంతుపట్టని సంగతి కాదు. గర్భసంచీ అండాశయాలూ ఉన్న దేహం గర్భాన్ని మోయగలదు. మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ వాడుతున్నప్పుడు నెలసరి సాధారణంగా ఆగిపోతుంది, అయినా అది గర్భనిరోధక మందు కాదు. పిండానికి హాని చేయగలదు కాబట్టి బిడ్డ కావాలనుకునేవాళ్ళు దాన్ని ముందే మానాలి. బిడ్డల్ని కన్న 41 మంది ట్రాన్స్ పురుషుల అనుభవాల మీద అమెరికా వైద్యులు 2014లోనే ఒక అధ్యయనం అచ్చు వేశారు. వింతంతా వార్త రాసేవాళ్ళ చేతిలో ఉన్న మాటల్లోనే ఉంది.

ముందు ఆ చివరి అక్షరం సంగతి. తెలుగు వ్యాకరణంలో లింగభేదం ఆడా మగా అని సమంగా చీలదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చు వేసినప్పుడు మగవాళ్ళను చెప్పే మాటల్ని మహత్తులన్నాడు. ఆడవాళ్ళను చెప్పే మాటలు బహువచనంలో ఆ మహత్తుల వరసలోకే వస్తాయి గానీ ఏకవచనంలో పశువులతో, చెట్లతో, రాళ్ళతో కలిసి నడుస్తాయి. అక్క వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. అన్న మాత్రం వచ్చాడు. అంటే ‘డు’కీ ‘ది’కీ మధ్య ఉన్నది మగకీ, తక్కిన సృష్టి మొత్తానికీ మధ్య గీసిన గీత. ‘ప్రసవించింది’ అన్న క్రియలో ఆవూ అక్కా ఇద్దరూ ఇముడుతారు. ‘ప్రసవించాడు’ అనగానే ఆ గీత అడ్డొస్తుంది. డెస్కులో ఆ పిల్ల వేలు ఆగింది అక్కడే.

ఇందులో ఒక మంచి కూడా ఉంది. పుట్టింది ఆడో మగో ఆ దంపతులు అప్పట్లో బయటికి చెప్పలేదు. విలేకరులు గుచ్చి గుచ్చి అడిగారు, అయినా చెప్పలేదు. ఇంగ్లిషు వార్తల్లో సర్వనామం దగ్గర ప్రతిసారీ తడబాటే. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. పసికందు ఏడ్చింది, పాలు తాగింది, నిద్రపోయింది. తెలంగాణలో ‘బిడ్డ’ అంటే కూతురే కాబట్టి ఆ మాట దగ్గర జాగ్రత్త పడాలి. పసికందు అంటే సరిపోతుంది. ఆ రహస్యాన్ని తెలుగు అడక్కుండానే దాచిపెడుతుంది.

ఇక వార్తల్లో ఎక్కువగా కనిపించిన పదబంధం ‘గర్భం దాల్చడం’. దాల్చడమంటే ధరించడం. అవతారం దాల్చడం, రూపం దాల్చడం, మౌనం దాల్చడం. గర్భం ఎవరు దాల్చినా దాల్చడమే. కానీ కర్త స్థానంలో ‘మగాడు’ వచ్చేసరికి ఆ క్రియలో ఉన్న వేషం వాసన పైకి తేలింది. ‘మగాడు గర్భం దాల్చాడు’ అని చదివినవాడికి, ఎవరో ఏదో వేసుకుని వచ్చారన్న భావన కలుగుతుంది. దానికి తోడు ‘పురుషుడిగా మారిన మహిళ’. తెలుగు వార్తల్లో ట్రాన్స్ మనుషుల గురించి రాసేటప్పుడు ‘మారిన’, ‘మార్పిడి’ అన్నవి వద్దన్నా వచ్చి కూచుంటాయి. మత మార్పిడి, గుండె మార్పిడి, నోట్ల మార్పిడి, లింగ మార్పిడి. ఒకటి ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం. నేను ముందునుంచీ ఇంతేనని చెప్పే మనిషికి ఆ మాట ఎంత పరాయిదో ఊహించండి. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా తీర్పులో, ఎవరు ఏ లింగమన్నది ఆ మనిషే చెప్పుకోవాలని, దానికి శస్త్రచికిత్స షరతు పెట్టకూడదని చెప్పింది. 2019 నాటి చట్టం ట్రాన్స్ పురుషుడి నిర్వచనంలో, ఆపరేషన్ అయినా కాకపోయినా అని స్పష్టంగా రాసింది. మన శీర్షికల నిఘంటువు మాత్రం ఇంకా ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఆగిపోయి ఉంది.

సంస్కృతం మాటలు పట్టుకుని మగవాడికి గర్భమేమిటని వాదించేవాళ్ళున్నారు. గర్భిణి స్త్రీలింగమే కదా అంటారు. నిజమే. కానీ ఆ మాట కట్టుబడి చూడండి. గర్భం ఉన్నవాళ్ళు అనే అర్థంలో ‘గర్భిన్’ అని ప్రాతిపదిక. ధనం ఉంటే ధనిన్, హస్తం ఉంటే హస్తిన్ అయినట్టే. దానికి స్త్రీ ప్రత్యయం చేరితే గర్భిణి. ఆ ప్రత్యయం తర్వాత వచ్చి చేరింది, మూలంలో లేదు. పైగా సృష్టికర్తకు మనం పెట్టుకున్న పేరు హిరణ్యగర్భుడు. బంగారు గర్భం, చివర ‘డు’. ఆ పేరు పలికేటప్పుడు ఎవరికీ నోరు తడబడదు.

ప్రసవం సంగతి ఇంకా లోతుగా ఉంది. ‘సూ’ అనే ధాతువు. ప్రసూతి, సూనుడు, సవితృ అన్నీ ఆ ఇంటివే. సవితృ అంటే సూర్యుడు, గాయత్రీ మంత్రానికి దేవత. నిరుక్తం రాసిన యాస్కుడు సవితకు అర్థం చెబుతూ, సమస్తానికీ ప్రసవిత అన్నాడు. సవిత అనే పేరు మన ఇళ్ళలో ఆడపిల్లలకు పెడుతున్నాం. నిజానికది పుంలింగ రూపం, సవితృ శబ్దానికి ప్రథమావిభక్తి ఏకవచనం. సూర్యుడు ప్రసవిస్తాడని వేదపండితుడు అంటే వ్యాఖ్యానం. అదే క్రియకు ఆసుపత్రిలో ఉన్న ఒక మగవాడు కర్త అయితే బ్రేకింగ్ న్యూస్.

భారతంలో కడుపు మోసిన రాజు ఉన్నాడని మీలో చాలామందికి తెలుసు. యువనాశ్వుడు. సంతానం లేక అడవికి పోయాడు. ఋషులు రాణి కోసం మంత్రించిన నీళ్ళ కలశం ఆశ్రమంలో ఉంది. రాత్రి దాహంతో వచ్చి ఆ నీళ్ళు తాగేశాడు. తెలుగులో నీళ్ళోసుకోవడమంటే కడుపు రావడం. ఆయనకు నీళ్ళు తాగితే వచ్చింది. నూరేళ్ళ తర్వాత ఎడమ పక్క చీల్చుకుని కొడుకు పుట్టాడు. రాజు చచ్చిపోలేదు. దేవతలంతా వచ్చారు. అప్పుడొక ప్రశ్న లేచింది: ఈ పిల్లవాడు ఎవరి పాలు కుడుస్తాడు? ఇంద్రుడు ముందుకొచ్చి, నన్ను కుడుస్తాడని తన చూపుడువేలు ఆ పసినోట్లో పెట్టాడు. ‘మాం’ అంటే నన్ను, ‘ధా’ అంటే కుడుచు. ఆ మాటే పిల్లవాడి పేరైంది. మాంధాత. పాతకాలపుదేదైనా కనిపిస్తే మాంధాతల నాటిది అంటామే, ఆ మాంధాత. ఆ పేరు వెనక ఉన్నది, తండ్రి కడుపున పుట్టిన పిల్లవాడికి పాలెవరిస్తారన్న బెంగ.

కోళికోడ్‌లోనూ అదే బెంగ. రొమ్ములు తీయించుకున్న తండ్రి. బిడ్డకు ఆసుపత్రిలోని తల్లిపాల బ్యాంకు నుంచి పాలు పడతామని ఆ దంపతులు ముందే చెప్పారు. వార్తల్లో ఎక్కడో చివరి పేరాలో వచ్చిందీ సంగతి. శీర్షిక నేను పెట్టాల్సివస్తే దాని మీదే పెట్టేవాణ్ణి. మాంధాత అన్న పేరు తెలిసిన భాషలో అంతకంటె సహజమైన శీర్షిక ఏముంటుంది?

భారతంలోనే మరో కడుపు ఉంది, మౌసల పర్వంలో. యాదవ కుర్రాళ్ళు కృష్ణుడి కొడుకు సాంబుడికి నిండు చూలాలి వేషం కట్టి ఋషుల ముందు నిలబెట్టారు. ఈమెకు ఏం పుడుతుందో చెప్పండని నవ్వారు. ఋషులకు కోపం వచ్చింది, యాదవ కులాన్ని నాశనం చేసే ఇనుప రోకలి పుడుతుందన్నారు. అలాగే పుట్టింది. రోకలి అంటే ముసలం. పత్రికల్లో ఇవాళ్టికీ ‘ఆ పార్టీలో ముసలం’ అని శీర్షికలు చూస్తూనే ఉంటాం.

ఈ రెండు కథల మధ్య తేడా నాకు ముఖ్యం. యువనాశ్వుణ్ణి చూసి భారతంలో ఎవరూ నవ్వలేదు. ఆయన రాజుగానే ఉన్నాడు, తండ్రిగానే ఉన్నాడు. కొడుకును యౌవనాశ్వుడని తండ్రి పేరుతోనే పిలిచారు. ఆయనే తల్లి కదా అని ఎవరూ అడగలేదు. నవ్వులాట ఉన్నది సాంబుడి కథలోనే, దానికి ఫలితం కూడా అందులోనే ఉంది. ఆ ఫలితం నవ్విన కులం మీద పడింది. మగవాడి కడుపు కనిపించగానే మన వార్తలు యువనాశ్వుణ్ణి మరిచిపోయి సాంబుణ్ణి తలుచుకున్నాయి. వీడియోల మీద ప్రశ్నార్థకాలు, ఆశ్చర్యార్థకాలు, కలికాలం అన్న నిట్టూర్పులు. పురాణాన్ని ఇక్కడ అనుమతి పత్రంలా చూపించాలని నా ఉద్దేశం కాదు. యువనాశ్వుడిది పొరపాటున తాగిన నీళ్ళ వల్ల వచ్చిన కడుపు. కోళికోడ్ తండ్రిది ఆలోచించి, కోరుకుని, వైద్యుల్ని అడిగి మోసిన కడుపు. ఆ తేడాలో ఈయన వైపే బరువెక్కువ.

నవ్వులాట మనతో మొదలైంది కాదు. అమెరికాలో థామస్ బీటీ అనే ట్రాన్స్ పురుషుడు 2008 మార్చిలో ది అడ్వొకేట్ పత్రికలో తన గర్భం గురించి వ్యాసం రాశాడు. భార్యకు గర్భసంచి తీసేశారు కాబట్టి తానే మోస్తున్నానన్నాడు. డాక్టర్లు తనను చూడటానికి నిరాకరించిన సంగతీ రాశాడు. ఏప్రిల్‌లో ఓప్రా విన్‌ఫ్రీ కార్యక్రమానికి వెళ్ళాడు. గడ్డం, చొక్కా లేని ఒళ్ళు, ఎత్తైన పొట్ట. ఆ ఒక్క ఫోటో ప్రపంచమంతా తిరిగింది. రాత్రిపూట టీవీ హాస్యగాళ్ళకు వారాల తరబడి అదే సరుకు. జూన్ 29న ఒరెగాన్ రాష్ట్రంలోని బెండ్ ఊళ్ళో కూతురు పుట్టింది. తర్వాత 2009లో, 2010లో ఇద్దరు కొడుకులు. పత్రికలు ఆయనకు ‘తొలి గర్భిణీ పురుషుడు’ అని పేరు పెట్టాయి. అమెరికాలో అంతకు ముందే కన్నవాళ్ళున్నారు. ‘తొలి’ అన్న మాట వార్తకు ధర పెంచుతుంది, మనిషిని మాత్రం గాజుపెట్టెలో పెడుతుంది. పదిహేనేళ్ళ తర్వాత కోళికోడ్ దంపతులకూ ‘దేశంలోనే తొలి’ తగిలించారు. బీటీ విడాకులడిగినప్పుడు, బిడ్డల్ని కన్నవాడు మగవాడెలా అవుతాడు, అసలా పెళ్ళే చెల్లదని 2013లో అరిజోనా న్యాయమూర్తి ఒకరు విడాకులు నిరాకరించారు. 2014లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఒక క్రియాపదానికి ఆయన తన సంసారంలో చాలా మూల్యం చెల్లించాడు.

అంతకంటె పెద్ద మూల్యం మరొకరు చెల్లించారు. 2019లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వైద్యులు ఒక సంఘటన రాశారు. 32 ఏళ్ళ మనిషి తీవ్రమైన కడుపునొప్పితో అత్యవసర విభాగానికి వచ్చాడు. తాను ట్రాన్స్ పురుషుణ్ణని నర్సుకు చెప్పాడు, ఇంట్లో చేసుకున్న గర్భ పరీక్ష పాజిటివ్ వచ్చిందనీ చెప్పాడు. ఆసుపత్రి రికార్డులో ‘పురుషుడు’ అని ఉంది. లావుగా ఉన్న మగవాడు, రక్తపోటు మందులు మానేశాడు, కంగారు లేదని లెక్క వేశారు. గంటలు గడిచాక డాక్టరు వచ్చి చూస్తే నెలలు నిండిన కడుపు, బొడ్డుతాడు జారింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేసరికి గుండె చప్పుడు లేదు. బిడ్డ చనిపోయి పుట్టింది. ఆయన చెప్పాల్సినవన్నీ చెప్పాడు. వినే మనిషి దగ్గర ఆ మాటల్ని పెట్టుకోవడానికి గది లేదు. తెలుగులో దీనికి ఉన్న మాట కడుపుకోత. తల్లికైనా తండ్రికైనా మనం ఆ మాటే వాడతాం.

కడుపు అన్నాను కాబట్టి ఇక్కడ ఆగాలి. ఇక్కడినుంచి అచ్చ తెలుగు మాటలు, వీటి దగ్గరే నాకు దారి దొరికింది.

కడుపు ప్రతి మనిషికీ ఉంటుంది. అన్నం పట్టేదీ కడుపే, బిడ్డను మోసేదీ కడుపే. ‘కడుపుతో ఉంది’ అన్నప్పుడు మన భాష వేరే అవయవం పేరు ఎత్తదు. కొడుకు దారి తప్పితే మన నాన్నలు, తాతలు ఏమని తిట్టేవారు? "నా కడుపున చెడబుట్టావురా" అనేవారు. తాత తన కడుపు గురించే అన్నాడు. అమ్మమ్మ విని నవ్వలేదు. మా అమ్మమ్మ బస్సులో ఎవరైనా చూలాలు నిలబడి కనిపిస్తే సీట్లో కూర్చున్నవాళ్ళను లేపేది. "ఒట్టి మనిషి కాదయ్యా, కాస్త జరుగు" అనేది. ఒట్టి మనిషి కాదు. నిండు మనిషి, లోపల ఇంకొకరున్న మనిషి. ఆ మాటలో ఆడ లేదు, మగ లేదు, మనిషే ఉంది. గర్భిణికీ చూలాలికీ స్త్రీ ప్రత్యయాలు అంటి ఉన్నాయి. దీనికి లేదు. కోళికోడ్ తండ్రి మన ఆర్టీసీ బస్సెక్కి ఉంటే మా అమ్మమ్మ ముందు ఆయన గడ్డం చూసి ఒక్క క్షణం ఆగేదేమో. తర్వాత మాత్రం సీటు ఖాళీ చేయించేది. ఆ మాట ఆమె నోట్లో అప్పటికే సిద్ధంగా ఉంది.

ఇక ‘కను’. కంటితో కనడం వేరు, కడుపున కనడం వేరు. భాషాశాస్త్రజ్ఞులు వీటిని రెండు వేర్లుగా చూస్తారు. చూడటమనే ‘కను’కు తమిళంలోని కాణ్ చుట్టం. బిడ్డను కనే ‘కను’కు పసికందులోని ‘కందు’ చుట్టం, దూడ అనే అర్థంలో తమిళులు వాడే కన్ఱు కూడా ఆ వైపుదే. ఆవు ఈనుతుంది, మేక ఈనుతుంది, వరిచేను కూడా ఈనుతుంది. కోడి గుడ్డు పెడుతుంది. కనడం మాత్రం మనుషుల మాట. ఈ మాట మొదటినుంచీ ఆడకూ మగకూ ఒక్కటే. దశరథుడు నలుగురు కొడుకుల్ని కన్నాడు. ధృతరాష్ట్రుడు నూరుగురిని కన్నాడు. కన్నతల్లి అన్నంత సులువుగా కన్నతండ్రి అంటాం. పెంచిన తండ్రికి ఎదురుగా నిలబెట్టేది కన్నతండ్రినే. అత్తగారింటి నుంచి ఆడపిల్ల వెళ్ళేది కన్నవారింటికి. ‘కన్నాడు’ అన్న రూపం చూసి తెలుగు పాఠకుడెవడూ ఉలిక్కిపడడు. మన వాక్యాల్లో శతాబ్దాలుగా తండ్రులు కంటూనే ఉన్నారు.

ఆడవాళ్ళకు ఈ మాట మీద ఫిర్యాదు ఉండవచ్చు. ఉంటే న్యాయమే. నొప్పులు పడింది ఒకరు, కన్నాడన్న కీర్తి ఇంకొకరికి. ఆ ఫిర్యాదుకు భాష లోలోపల ఒక జవాబు ఇచ్చుకుంది. తల్లిని చెప్పేటప్పుడు ఒక్క ‘కన్న’తో ఊరుకోదు, ‘నవమాసాలు మోసి కన్న’ అంటుంది. ఆ ‘మోసి’ తల్లికి మాత్రమే దక్కిన మాట. తండ్రి కంటాడు గానీ మోయడు. అందుకే తండ్రి విషయంలో ‘కన్నాడు’ ఎప్పుడూ సగం నిజమే. కోళికోడ్‌లో, ఒరెగాన్‌లో, ఇంకా పేరు బయటపెట్టని ఎన్నో ఊళ్ళలో ఆ మాట పూర్తి నిజమైంది. మోసి కన్న తండ్రి. మూడూ పాత మాటలే, బడికి పోని అవ్వకూ తెలిసినవే. వాటిని ఈ వరసలో పేర్చే అవసరం ఇన్నాళ్ళూ రాలేదు, అంతే.

ఇంగ్లండ్‌లో ఈ వరస కుదరలేదు. ఫ్రెడ్డీ మెకానెల్ అక్కడి పత్రికా రచయిత, ట్రాన్స్ పురుషుడు. తన గర్భం మీద వచ్చిన డాక్యుమెంటరీకి సీహార్స్ అని పేరు, 2019లో విడుదలైంది. సముద్రపు గుర్రాల్లో మగదే గుడ్లను సంచిలో మోసి పిల్లల్ని బయటికి వదులుతుంది. యువనాశ్వుడి పేరులోనూ అశ్వం ఉందని అప్పుడే గమనించి చాలాసేపు అలా కూర్చున్నాను. మెకానెల్ జనన ధ్రువపత్రంలో తనను తండ్రిగా గానీ, కనీసం లింగం చెప్పని మాటతో గానీ రాయమన్నాడు. కాదు, తల్లి అనే రాయాలని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు తీర్పు చెప్పింది. గర్భం మోసి కన్నవారెవరైనా, చట్టం దృష్టిలో మగవారైనా సరే, వారే తల్లి అన్నది వాదం. 2020 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు కూడా అదే అంది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. చట్టం ఆయన్ని మగవాడంది, తల్లి కూడా అంది. యువనాశ్వుడి ఆస్థానంలో ఆ పేచీ లేదు.

కోళికోడ్‌లో నగరపాలక సంస్థ ఇచ్చిన పత్రంలో మోసి కన్న తండ్రిని తల్లి గడిలోనూ, తల్లిని తండ్రి గడిలోనూ రాశారు. ఇద్దరి పక్కనా ట్రాన్స్‌జెండర్ అని ఉంది. ఆ కాగితం పట్టుకుని బిడ్డ రేపు బడికెళ్ళాలి, ఆధార్ తీసుకోవాలి, పాస్‌పోర్టు అడగాలి. ప్రతి కిటికీ దగ్గరా సంజాయిషీ చెప్పాలి. దంపతులు కేరళ హైకోర్టుకు వెళ్ళారు. 2025 జూన్‌లో కోర్టు, తల్లి, తండ్రి అనే గడులు తీసేసి ఇద్దరినీ ‘పేరెంట్స్’ అని, లింగం ప్రస్తావన లేకుండా రాసి కొత్త పత్రం ఇమ్మంది.

ఆ రాత్రి అదే అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ఇప్పుడు డెస్కులో సీనియర్. "సార్, ఈ వాక్యం రావట్లేదు" అని చదివింది: ‘తల్లి, తండ్రి అని కాకుండా తల్లిదండ్రులు అని రాయాలని హైకోర్టు ఆదేశించింది.’ తెలుగులో ఆ తీర్పు మొత్తం గాలికి పోయింది. తల్లీ తండ్రీ తీసేసి తల్లిదండ్రులు పెడితే తీసిందేమిటి, పెట్టిందేమిటి? నిఘంటువు చూసినా ఆ సమాసమే ఉంటుంది. చాలా అనువాదాల్లో ఆ తీర్పు అలాగే అచ్చయి ఉంటుంది కూడా.

ఈసారి నాకు జవాబు వెంటనే తట్టింది. "‘కన్నవారు’ అని రాయమ్మా" అన్నాను. కొద్దిసేపు అటువైపు చప్పుడు లేదు. తర్వాత వాక్యం మార్చి చదివింది: ‘తల్లి, తండ్రి అని వేరువేరుగా కాకుండా, ఇద్దరినీ కన్నవారుగా నమోదు చేయాలని ఆదేశించింది.’ ఎక్కడా తట్టుకోలేదు.

మన రెండు రాష్ట్రాల జనన ధ్రువపత్రాల్లోనూ తల్లి పేరు, తండ్రి పేరు అని రెండు గడులున్నాయి. రేపు హైదరాబాదులోనో విజయవాడలోనో ఇలాంటి దంపతులు ఆ కిటికీ ముందు నిలబడతారు. నిలబడే రోజు వస్తుంది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో, నిజాం కాలం నాటి నపుంసకుల చట్టాన్ని కొట్టేసింది. ఒక చెడ్డ మాటను పుస్తకాల్లోంచి తీసేయడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఈ మంచి మాటను ఫారంలో పెట్టడానికి అంత కాలం పట్టనక్కర్లేదు. జనన నమోదు పని చూసే అధికారులకు నా విన్నపం ఇదే. ‘కన్నవారి పేర్లు’ అని ఒక గడి అచ్చు వేయండి.

ఇక రెండేళ్ళకు పైగా బాకీ ఉన్న మొదటి ప్రశ్న. ‘ప్రసవించాడు’ అనొచ్చా? అనొచ్చమ్మా, వ్యాకరణం ఏమీ అడ్డుపడదు. కానీ ‘కన్నాడు’ అని రాయి.